బూచాడికి చిరునామా ఉండాలి

ఐదేళ్ల కూతుర్ని వెంటబెట్టుకుని ఆస్ట్రేలియా ఉత్తరాన డార్విన్ నుంచి పడమటి తీరంలోని బ్రూమ్ దాకా క్యాంపర్‌వ్యాన్‌లో వెళ్తున్నానని చెబితే నెల్లూరులో మా అమ్మ అడిగిన మొదటి మాట, "దారిలో మనుషులుంటారా?" అని. పెద్దగా ఉండరన్నాను. "అయ్యో, మనుషులే లేని చోటికి పసిబిడ్డను తీసుకుపోతావా!" అని ఫోన్‌లోనే గుండెలు బాదుకుంది. అదే సంగతి డార్విన్‌లో మా తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో చెబితే వచ్చిన మొదటి జవాబు దీనికి సరిగ్గా తలకిందులు. "దారిలో మనుషులుంటారు, జాగ్రత్త. ఫలానా ఊళ్లలో అస్సలు బండి ఆపొద్దు."

ఒకరికి మనుషులు లేరని భయం, ఇంకొకరికి ఉన్నారని భయం. ఏమవుతుందని అడిగితే మాత్రం ఇద్దరి దగ్గరా జవాబు లేదు. "ఏమో, ఏదైనా అవ్వచ్చు" అంది అమ్మ. "వెళ్తే మీకే తెలుస్తుంది" అన్నారు గ్రూపులో.

ఈ "ఏదైనా అవ్వచ్చు" నాకు పాత చుట్టమే. చిన్నప్పుడు దాని పేరు బూచాడు. అన్నం తినకపోతే వచ్చేవాడు, మధ్యాహ్నం నిద్రపోకపోతే వచ్చేవాడు, వీధి చివరి దాకా వెళ్తే వచ్చేవాడు. ఎలా ఉంటాడో, ఎక్కడ ఉంటాడో, వస్తే మనం ఏం చెయ్యాలో ఎవరూ చెప్పలేదు. చెబితే ఇక వాడికి పనుండదు కదా. వీధి చివర నిజంగా ఉన్నది మూత లేని బావి. దాని సంగతి నాకు తొమ్మిదో ఏట గానీ తెలియలేదు, అది కూడా అందులో ఒక మేకపిల్ల పడ్డాక.

పిల్లల్ని భయపెట్టడంలో మనం ఏ లోటూ చెయ్యం. దేనికి భయపడాలో, ఎంత భయపడాలో చెప్పడం దగ్గరే బద్ధకం. బావి ఎక్కడుందో చెప్పడం కంటే బూచాడున్నాడని చెప్పడం సులువు. పిల్లలకి భయం అసలు తెలియకుండా పెంచాలనే కొత్తరకం పెంపకం మీద నాకు నమ్మకం లేదు. భయం నేర్పాల్సిందే. కానీ దానికి పేరు, ఊరు, కొలత ఉండాలి. నేను ఇది గట్టిగా చెప్పగలుగుతున్నది ఆ రెండు వారాల ప్రయాణం వల్లే. అందులో కొన్నిసార్లు నేర్పింది నేను కాదు, నేర్చుకున్నది పాప కాదు.

డార్విన్ ఆస్ట్రేలియా మ్యాపులో నడినెత్తిన ఉంటుంది. మా ఆయన ఉద్యోగం, వీసా పాయింట్లు కలిసి మూడేళ్ల కిందట మమ్మల్ని మెల్‌బోర్న్ చలిలోంచి లాక్కొచ్చి ఇక్కడ పడేశాయి. విమానం దిగగానే ఒంటికి తగిలిన ఉక్కకి నాకు కళ్లనీళ్లు తిరిగాయి, అచ్చం మా ఊరి గాలి. ఇక్కడివాళ్లకి ఏడాదంటే రెండు ముక్కలు. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా 'వెట్', మే నుంచి అక్టోబరు దాకా 'డ్రై'. వెట్‌లో తుపాన్లొస్తాయి, రోడ్లు మునుగుతాయి. డ్రైలో నెలల తరబడి చుక్క పడదు. కకాడూ ప్రాంతపు ఆదివాసీలైన బినింజ్ వాళ్లు మాత్రం మనలాగే ఆరు ఋతువులు లెక్కపెడతారు. వాళ్ల లెక్కలో జూలై 'వుర్గెంగ్', అంటే చలికాలం. చలికాలమంటే పగలు 30 డిగ్రీలు, రాత్రి 17. బడికి జూలైలో సెలవులు, మా ఆయనకి మాత్రం సెలవు దొరకలేదు. సరే, మేమిద్దరమే వెళ్దామనుకున్నాం.

వ్యాను దొరకడమే మొదటి పరీక్ష. ఇద్దరు పడుకునే చిన్న వ్యాన్లలో చాలావాటికి ముందు సీట్లే ఉంటాయి, వెనక అంతా పడక, గ్యాసు పొయ్యి, సింకు. ఇక్కడి చట్టం ప్రకారం ఏడేళ్లలోపు పిల్లలకి ప్రత్యేకమైన సీటు కావాలి, వెనక వరస ఖాళీగా ఉంటే వాళ్లని ముందు కూర్చోబెట్టకూడదు. ఆ సీటు పై పట్టీని బిగించడానికి బండిలో కొక్కెం ఉండాలి. అద్దె కంపెనీలకి ఒక్కొక్కదానికీ ఫోన్ చేసి "కొక్కెం ఉందా?" అని అడగడం వారం రోజులు నా పని. చివరికి నలుగురు పట్టే వ్యాను తీసుకోవాల్సి వచ్చింది. ఖర్చు గురించి దాచడమెందుకు, ఆ డబ్బుతో ముగ్గురం నెల్లూరు వెళ్లి రావచ్చు. ఇది అందరూ చెయ్యగల పని అని నేను అనడం లేదు.

మొదటి మజిలీ కకాడూ. దాదాపు 20,000 చదరపు కిలోమీటర్ల జాతీయ వనం. అక్కడ ఈస్ట్ ఆలిగేటర్ అనే నది ఉంది. పేరులో ఆలిగేటర్ ఉంది గానీ నదిలో ఒక్కటీ లేదు, ఉన్నవన్నీ మొసళ్లే. రెండు వందల ఏళ్ల కిందట వచ్చిన ఇంగ్లీషు నావికుడు తేడా తెలియక పెట్టిన పేరు అలా నిలిచిపోయింది. పేరు తప్పయినా కొరికేది నిజమే. ఈ మొసళ్లని ఇక్కడ సాల్టీలంటారు. అలాగని ఉప్పునీళ్లలోనే ఉంటాయనుకుంటే పొరపాటు, మంచినీటి వాగుల వెంట చాలా లోపలికి వస్తాయి. తోళ్ల కోసం వేటాడి వేటాడి దాదాపు లేకుండా చేసేస్తే 1971లో డార్విన్ ఉన్న నార్తర్న్ టెరిటరీలో వేట నిషేధించారు. ఇప్పుడు ఈ ఒక్క టెరిటరీలోనే లక్ష దాకా ఉంటాయని అంచనా.

కేహిల్స్ క్రాసింగ్ దగ్గర నది రోడ్డు మీదుగా పారుతుంది. సముద్రపు పోటు వచ్చే వేళకి చేపలు ఎదురెక్కుతాయి, వాటి కోసం మొసళ్లు వరసగా నోళ్లు తెరుచుకుని నిలబడతాయి. గట్టు మీద కట్టిన వేదిక నుంచి చూశాం. మా పాప, చిన్ని, నా చెయ్యి వదల్లేదు. వేదిక మీద నిలబడ్డ ఒక రేంజరమ్మని నేనే అడిగించాను. చిన్ని ప్రశ్న: "ఎంత దూరంలో ఉంటే అది నన్ను తినదు?"

ఆవిడ నవ్వి బుగ్గ గిల్లలేదు, "నువ్వేం భయపడకు బంగారం" అనలేదు. మోకాళ్ల మీద కూర్చుని చెప్పింది. నీళ్ల అంచు నుంచి ఎప్పుడూ ఐదు మీటర్లు. పడుకునే చోటైతే 50 మీటర్లు. ఒకే చోట రోజూ నీళ్లు ముంచుకోకూడదు, అది గమనిస్తుంది. కనపడలేదంటే లేదని కాదు. ఈతకి తెరిచారని బోర్డు ఉన్న చోట తప్ప ఎక్కడా దిగకూడదు. వెట్ అయిపోయాక ప్రతి ఏడాదీ రేంజర్లు ఆ మడుగుల్లో వెతికి, బోనులు పెట్టి చూశాకే ఈతకి తెరుస్తారు.

ఐదు మీటర్లంటే ఎంతో చిన్నికి తెలియదు. కారు పార్కింగులో టేపు పెట్టి కొలిచి, నడిపించాను. తన అడుగులు పన్నెండు. ఆ పన్నెండు దానికి మంత్రంలా పట్టుబడింది. ఆ పూట నుంచి దాని భయం పోలేదు, కుదురుకుంది. ఏ నీళ్ల దగ్గరికి వెళ్లినా మొదటి ప్రశ్న, "ఇందులో ఉందా?" జవాబులు మూడే: ఉంది, లేదు, తెలియదు. తెలియదంటే ఉన్నట్టే. ఆ తర్వాత ఏడుపూ లేదు, మారామూ లేదు. ఐదేళ్ల పిల్లకి ఇంతకంటే శుభ్రమైన తర్కం ఏ బడిలో చెబుతారు?

తెలిసిన మొహాల విషయంలో మాత్రం ఇద్దరం దెబ్బతిన్నాం. కకాడూలోనే కూయిండా దగ్గర పడవలో వెళ్తుంటే మైదానంలో గేదెలు కనిపించాయి. "అమ్మమ్మ వాళ్ల గేదె!" అని చిన్ని చప్పట్లు కొట్టింది. నాకూ ప్రాణం లేచొచ్చింది. పడవ నడిపే ఆయన చల్లగా చెప్పాడు, ఇక్కడ నడిచి వెళ్లేవాళ్లు మొసలి తర్వాత భయపడేది వీటికేనని. 19వ శతాబ్దం మొదటి సగంలో తెల్లవాళ్లు ఇండోనేషియా దీవుల నుంచి తెచ్చి, స్థావరాలు నిలబడక వదిలేసి పోతే అడవిపాలై పెరిగిన మందలు ఇవి. పొర్లి పొర్లి గట్లు తెగ్గొట్టి చిత్తడి నేలల్లోకి ఉప్పునీళ్లు రానిచ్చాయని, పశువుల జబ్బులు మోస్తున్నాయని 1980ల్లో వేలకి వేలు కాల్చేశారు. పాలిచ్చే గేదె, పోట్లాడే గేదె ఒకే మొహం పెట్టుకుని ఉంటాయి. దాన్ని చూసి నేను భయపడకపోవడం ధైర్యమేమీ కాదు, అలవాటు.

కకాడూ నుంచి కాథరిన్ వైపు దిగుతుంటే రోడ్డు పక్కన పొగ. నేల మీద పాకుతున్న చిన్న మంటలు, పైన గిరికీలు కొడుతున్న గద్దలు. చిన్ని వణికిపోయింది, నిజం చెప్పాలంటే నేనూ స్టీరింగ్ గట్టిగా పట్టుకున్నాను. ఆస్ట్రేలియా అంటే టీవీలో చూసిన కార్చిచ్చులే గుర్తొస్తాయి కదా. పెట్రోలు బంకులో అడిగితే, అవి కావాలని పెట్టిన మంటలన్నారు. డ్రై మొదట్లో, గడ్డి ఇంకా కాస్త పచ్చిగా ఉన్నప్పుడే, ముక్కలు ముక్కలుగా కాలుస్తారు. అక్టోబరులో వచ్చే పెద్ద మంటకి తినడానికి ఏమీ మిగలకుండా చేస్తారన్నమాట. వేల ఏళ్లుగా ఇక్కడి ఆదివాసీలు చేస్తూ వచ్చిన పని. మధ్యలో తెల్లవాళ్లు మాన్పించారు, తర్వాత బుద్ధి తెచ్చుకుని వాళ్లనే పిలిచి చేయిస్తున్నారు. గద్దలు మంట నుంచి పారిపోయే మిడతల కోసం, బల్లుల కోసం కాపు కాస్తాయి. చిన్ని అప్పటి నుంచి పొగ కనిపిస్తే గద్దల్ని లెక్కపెట్టేది.

కాథరిన్ దాటి పడమటికి తిరిగితే ఇక విక్టోరియా హైవే. తర్వాతి ఊరు కునునర్రా 500 కిలోమీటర్ల పైనే, మధ్యలో చెప్పుకోదగ్గ చోట్లు రెండు. ఊరు దాటిన కాసేపటికే ఫోన్‌లో సిగ్నల్ ఉండదు. 50 మీటర్ల పైన పొడవుండే రోడ్ ట్రైన్లు, అంటే మూడు నాలుగు ట్రైలర్లు తగిలించుకున్న లారీలు, ఎదురొస్తే వ్యాను ఒక్క ఊపు ఊగుతుంది. ఎదురొచ్చే ప్రతి డ్రైవరూ స్టీరింగ్ మీంచి ఒక్క వేలు లేపి పలకరిస్తాడు. చిన్నికి ఆ వేలు మహా ఇష్టం. తనూ వెనక సీట్లోంచి వేలు లేపుతూ, ఆ రోజు 41 మంది నమస్తే పెట్టారని లెక్క చెప్పింది.

ఆ దారికీ ఒక సూత్రం ఉంది: బండి ఆగిపోతే బండి దగ్గరే ఉండాలి. ఇక్కడ దారితప్పి చనిపోయినవాళ్ల కథల్లో తరచూ వినిపించే ముక్క ఒకటే, సాయం కోసం నడుచుకుంటూ వెళ్లారని. పైనుంచి వెతికేవాళ్లకి వ్యాను కనిపిస్తుంది, మనిషి కనిపించడు. చిన్నికి ఇది మూడు ముక్కల్లో చెప్పాను. బండి, నీడ, నీళ్లు. సీటు వెనక 40 లీటర్ల నీళ్లు ఎక్కడున్నాయో చూపించాను. ఆపదలో మనం ఎక్కడున్నామో సాయం చేసేవాళ్లకి తెలిపే, ఎర్ర బటన్ ఉన్న లొకేటర్ బీకన్ చూపించి, అమ్మ లేవకపోతే యాంటెనా ఎలా పైకి లాగాలో, దేన్ని నొక్కాలో నేర్పించాను. "అమ్మ లేవకపోతే" అనే మాట కూతురితో అనడానికి నాకు రెండు రోజులు పట్టింది. దానికి మాత్రం అర నిమిషంలో ఎక్కింది. "ఊరికే నొక్కకూడదు, నిజంగా లేవకపోతేనే" అని తనే నాకు తిరిగి చెప్పింది.

టింబర్ క్రీక్‌లో ఒక పండగ చేసుకున్నాం. వెస్టర్న్ ఆస్ట్రేలియా సరిహద్దులో పళ్లు, కూరగాయలు, తేనె లోపలికి రానివ్వరు, పురుగులూ తెగుళ్లూ వస్తాయని. కాబట్టి ఉన్నవన్నీ ఆ రాత్రే అవగొట్టాలి. టమాటాలు, వంకాయలు, మునక్కాయలు, డార్విన్ పెరట్లోంచి కోసుకొచ్చిన కరివేపాకు అంతా కలిపి ఒకటే పులుసు. కుక్కర్ మూడో విజిల్‌కి పక్క క్యారవాన్ లోంచి డెబ్బై ఏళ్ల పెద్దాయన టార్చి పట్టుకుని వచ్చాడు, గ్యాసు లీకవుతోందేమో చూద్దామని. ఇలా రిటైరై బండి కట్టుకుని దేశం చుట్టే ముసలివాళ్లని ఇక్కడ గ్రే నోమాడ్స్ అంటారు. ఆయనా ఆయన భార్యా మా పులుసన్నం తిన్నారు. పోతూ పోతూ ఒక కిటుకు చెప్పి వెళ్లాడు. ఈ కాలంలో మధ్యాహ్నం సూర్యుడు ఉత్తరాన ఉంటాడు. పందిరి గుడ్డ వ్యానుకి ఎడమ వైపు ఉంటుంది కాబట్టి బండి మూతి పడమటికి పెడితే రోజంతా నీడ. ఏ యాప్‌లోనూ నాకీ సంగతి కనపడలేదు.

ఇక నా ఘనకార్యం. సరిహద్దు దాటితే గడియారం గంటన్నర వెనక్కి పోతుంది. 11 గంటలకి చేరాను, అటు పక్క తొమ్మిదిన్నర. ఉచితంగా గంటన్నర దొరికిందని సంబరపడి, దారి మళ్లి లేక్ ఆర్గైల్ చూడ్డానికి వెళ్లాం. ఆర్డ్ నది మీద 1970ల మొదట్లో కట్టిన డ్యామ్ వెనక నిలిచిన జలాశయం అది, విస్తీర్ణంలో మన నాగార్జునసాగర్‌కి మూడు రెట్ల పైనే. ఎర్ర కొండల మధ్య నీలం నీళ్లు చూస్తూ కూర్చుంటే టైము తెలియలేదు. నాలుగున్నరకి బయల్దేరాను. 70 కిలోమీటర్లే కదా, ఆరు లోపు కునునర్రాలో ఉంటాం అనుకున్నాను.

గడియారం గంటన్నర ఇచ్చింది గానీ సూర్యుడు ఇవ్వలేదు. అక్కడ జూలైలో ఐదు దాటగానే పొద్దు గుంకుతుంది. చీకటి పడ్డాక ఈ రోడ్ల మీద బండి నడపకూడదని అద్దె కాగితాల్లోనే రాసి ఉంది, నేను సంతకం కూడా పెట్టాను. ఇక్కడి పశువుల స్టేషన్లకి, అంటే పెద్ద పశుక్షేత్రాలకి, చాలా చోట్ల కంచెలుండవు. మునిమాపు వేళ, కొండ మలుపు తిరగగానే రోడ్డు మధ్యలో ఒక ఎద్దు. బూడిద రంగు ఒళ్లు, ఆ వెలుతురులో అదీ రోడ్డూ ఒకటే. బ్రేకు మీద నిలబడ్డాను. వెనక గిన్నెలన్నీ ముందుకొచ్చి పడ్డాయి. దాని మూపురం మా అద్దానికి రెండు మూడు గజాల్లో ఉంది. కదల్లేదు. తీరిగ్గా మా వైపు చూసింది.

తర్వాత తెలిసి నవ్వాలో ఏడవాలో అర్థం కాలేదు. ఉత్తర ఆస్ట్రేలియాలో ఇప్పుడు ఎటు చూసినా ఉండేది బ్రాహ్మన్ జాతి పశువులే. 1933లో అమెరికా నుంచి తెచ్చారు. అమెరికావాళ్లు ఆ జాతిని తయారుచేసింది గిర్, గుజరాత్ పశువులతో పాటు మన ఒంగోలు గిత్తని కలిపి. ఒంగోలు జాతికి బయటి దేశాల్లో ఉన్న పేరేమిటో తెలుసా? నెల్లూరు. అంటే ఆరు వేల కిలోమీటర్లు దాటి వచ్చి నేను గుద్దబోయింది మా ఊరి చుట్టాన్నే.

ఆ రాత్రి చిన్ని అడిగింది, "అమ్మా, చీకట్లో నడపకూడదని రూల్ ఉంది కదా, నువ్వెందుకు నడిపావు?" నాకు తెలియదని చెప్పాను. తెలియదు అంటే ఉన్నట్టే అని వాదించే పిల్ల ముందు ఆ జవాబు ఎంత బలహీనమో నాకు తెలుసు.

ఇక్కడే నా వాదనకి ఎదురు వాదన కూడా వినాలి. డార్విన్‌లో నాకు తెలిసిన ఒక డాక్టరమ్మ ఉంది, తెలుగావిడే. "నీ సరదా కోసం పిల్లని రిస్కులో పెడుతున్నావు. దాన్ని అడిగావా? ఆసుపత్రి 300 కిలోమీటర్ల అవతల ఉంటే నీ సూత్రాలు, కొలతలు ఏం చేస్తాయి?" అని సూటిగా అడిగింది. బూచాడి బాపతు భయం కాదు ఇది, కొలత ఉన్న భయమే. నిజమే, కాథరిన్, కునునర్రా, హాల్స్ క్రీక్, ఫిట్జ్‌రాయ్ క్రాసింగ్, అన్నిట్లోనూ ఆసుపత్రులున్నాయి, కానీ మధ్యలో ఉన్నది రోడ్డే. 1928లో క్లాంకరీలో మొదలైన ఫ్లయింగ్ డాక్టర్ సర్వీసు లాంటివి ఉన్నా, విమానం వచ్చేదాకా మనం ఉన్నది మనతోనే. చిన్నికి ఉబ్బసం లాంటిది ఏదైనా ఉంటే నేను వెళ్లేదాన్ని కాదు. ఇంకో ఏడాది ఆగి వెళ్లినా కొంప మునిగేది కాదు. అంతవరకు ఆవిడ మాటకి నా దగ్గర జవాబు లేదు.

కానీ ఆవిడ ఇంటి వెనక ఈతకొలను ఉంది. ఆస్ట్రేలియాలో ఐదేళ్లలోపు పిల్లలు ఎక్కువగా మునిగి చనిపోయేది నదుల్లో కాదు, సముద్రంలో కాదు, ఇంటి ఈతకొలనుల్లో. పుట్టినరోజు పార్టీకి పదిమంది పిల్లలు ఆ గేటు చుట్టూ పరిగెడుతుంటే మేమంతా బిర్యానీ తింటూ కబుర్లు చెప్పుకున్నాం. ఎవరికీ టెన్షన్ లేదు, ఎందుకంటే అది ఇల్లు. మనకి భయం వేసే చోటు, ప్రమాదం ఉండే చోటు ఒకటి కావాలని ఎక్కడా లేదు. నేను ఆవిడతో అన్నది ఇంతే. ఆవిడ ఒప్పుకోలేదు. గేటుకి కొత్త గొళ్లెం మాత్రం పెట్టించిందని తర్వాత తెలిసింది.

హాల్స్ క్రీక్ దాకా దారి పొడుగునా బోఅబ్ చెట్లు. కుండలాంటి కాండం, పైన నాలుగు చిరిగిన కొమ్మలు. హైదరాబాదులో చదువుకున్నప్పుడు గోల్కొండ నయా ఖిలాలో ఏనుగంత లావు చెట్టొకటి చూశాను, ఆఫ్రికా నుంచి వచ్చిన దాని అన్నదమ్ములే ఇవి. చిన్ని వాటికి కడుపునొప్పి చెట్లని పేరు పెట్టింది.

హాల్స్ క్రీక్ దాటాక ఒక రెస్ట్ ఏరియాలో రాత్రి ఆగాం. అటూ ఇటూ నాలుగైదు క్యారవాన్లు, తర్వాత ఏమీ లేదు. పగలు మొసలిని లెక్కచెయ్యని పిల్ల, దీపం ఆర్పగానే నా మెడ పట్టుకుంది. చీకట్లో ఏముందని అడిగాను. "అమ్మమ్మ చెప్పింది, బూచాడు" అంది. పొద్దున వీడియో కాల్‌లో ఉప్మా తినిపించడానికి మా అమ్మ వాడిన ఆయుధం. ఆరు వేల కిలోమీటర్ల అవతల ఉన్నా బూచాడికి సిగ్నల్ సమస్య లేదు.

దాన్ని ఎత్తుకుని బయటికి తీసుకొచ్చాను. నైరుతి వైపు నాలుగు చుక్కల శిలువ. అది త్రిశంకుడని, స్వర్గానికి వెళ్లలేక భూమికి రాలేక తలకిందులుగా మధ్యలో వేలాడుతున్నాడని చెప్పాను. మా నాన్న వేసవిలో మేడ మీద పడుకున్నప్పుడు దక్షిణాన నేలకి ఆనుకుని ఉన్న ఈ చుక్కల్నే చూపించేవాడు. ఇక్కడ అంత పైకి ఎక్కి కూర్చున్నాడు. ఇంతలో పక్క క్యారవాన్ ఆవిడ వచ్చి, చుక్కల్ని కాదు, చుక్కల మధ్య నలుపుని చూడమంది. శిలువ పక్కన ఉన్న నల్ల మచ్చ ఈమూ పక్షి తల. అక్కడ నుంచి పాలపుంత వెంట నల్లగా సాగేది మెడ, ఒళ్లు, నడినెత్తిన వృశ్చికం దాకా. ఇక్కడి ఆదివాసీ జాతులెన్నో తరతరాలుగా దాన్ని చూస్తున్నాయట. మనం వెలుగుని కలిపి బొమ్మలు గీసుకుంటే వీళ్లు చీకటికే పేరు పెట్టుకున్నారు. చిన్ని చాలాసేపు తల ఎత్తి చూసి, "చీకటే ఈమూనా?" అంది. అవునన్నాను. కాళ్లు ఎక్కడున్నాయో వెతుక్కుంటూ నిద్రపోయింది.

"అస్సలు ఆపొద్దు" అని గ్రూపులో చెప్పిన ఊళ్లలో ఫిట్జ్‌రాయ్ క్రాసింగ్ ఒకటి. ఆపాం. ఆపక తప్పదు, డీజిలు కావాలి, చిన్నికి బాత్రూమ్ కావాలి. దుకాణాల కిటికీలకి ఇనప చట్రాలున్నాయి, కాదనను. రోడ్‌హౌస్‌లో అడిగితే కౌంటరులో ఉన్నావిడ ముఖం చిట్లించకుండా చెప్పింది. రాత్రి క్యారవాన్ పార్కు గేటు లోపలే పడుకోండి, సీటు మీద బ్యాగు కనపడనివ్వకండి, తాళాలు తలగడ కింద పెట్టుకోండి. గ్రూపులో పదిహేను మంది కలిసి చెప్పలేని మూడు ముక్కలు.

ఆ ఊరి గురించి మావాళ్లెవరూ చెప్పని సంగతి ఇంకోటుంది. 2007లో అక్కడి ఆదివాసీ ఆడవాళ్లు, సారా వల్ల వరసగా చావులు చూసి చూసి విసిగి, ఇంటికి తీసుకెళ్లే గట్టి మద్యం అమ్మకాన్ని ఆపాలని పోరాడి సాధించారు. ముందు నిలబడిన బునుబా స్త్రీ జూన్ ఆస్కార్ తర్వాత దేశంలో ఆదివాసీల సామాజిక న్యాయ కమిషనర్ కూడా అయింది. రెండేళ్లకి హాల్స్ క్రీక్ కూడా అదే బాట పట్టింది. 1992లో మా జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా కొట్టు మీదకి వెళ్లినప్పుడు మా అమ్మ టీచరు. ఇప్పటికీ ఆ కథ చెబితే ఆవిడ గొంతు మారుతుంది. ఫోన్ చేసి ఈ ఊరి సంగతి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "వాళ్లూ మనలాంటోళ్లే అయితే" అంది. అంతకుముందు రోజు దాకా వాళ్లు ఆవిడ లెక్కలో మనుషులు లేని చోటు.

సాయంత్రం నది దగ్గరికి వెళ్లాం. 2023 జనవరి వరదకి కొట్టుకుపోయిన వంతెన స్థానంలో ఆ ఏడాది చివరికే కొత్తది కట్టారు. పార్కులో ముగ్గురు పిల్లలు పసుపు రంగు ఫుటీ బంతితో ఆడుతూ చిన్నికి విసిరారు. చిన్ని ఆటలో చేరే ముందు వాళ్లని అడిగిన ప్రశ్న, "ఇక్కడ క్రాక్ ఉందా?" క్రాక్ అంటే ఇక్కడివాళ్ల మాటలో మొసలి. అందరికంటే పెద్దపిల్ల నది వైపు చెయ్యి చూపించి, ఏ మలుపు దాకా వెళ్లొచ్చో, ఎక్కడ నుంచి వెళ్లకూడదో వివరంగా చెప్పింది. ఎనిమిదేళ్లుంటాయేమో. వాళ్లమ్మమ్మ చెప్పిందట.

బ్రూమ్ చేరేసరికి ఒళ్లంతా ఎర్రమట్టి. రెండు వారాలుగా నేను కలగన్నది కేబుల్ బీచ్. నెల్లూరు పిల్లని, సముద్రం కనిపిస్తే కాలు ఆగదు. తీరా వెళ్తే ఎర్ర జెండా. పొద్దున ఒక సాల్టీ కనిపించిందని లైఫ్‌గార్డులు నీళ్లలోకి దిగడం ఆపేశారు. ఇరవై రెండు కిలోమీటర్ల తెల్లటి ఇసుక, నీలం నీళ్లు, అల మీద అల. ఎక్కడా ఏమీ కనపడటం లేదు. "పాదాలు తడుపుకుని వచ్చేద్దాం, ఒక్క నిమిషం" అన్నాను.

చిన్ని నా వైపు చూసింది, ఎద్దు చూసినట్టే. తర్వాత నీళ్ల అంచు నుంచి వేలితో గాల్లోనే పన్నెండు లెక్కపెట్టి, "ఇక్కడ" అని కాలితో ఇసుక మీద గీత గీసింది. ఇంకా నమ్మకం కుదరక ఇంకో పన్నెండు లెక్కపెట్టి అక్కడ చాప పరిచింది. బ్రూమ్‌లో పోటు పది మీటర్ల దాకా ఎక్కుతుంది. మధ్యాహ్నం మూడింటికి నీళ్లు గీత దాటాయి. చిన్ని లేచింది, మళ్లీ లెక్కపెట్టింది, చాప రెండో కొస నన్ను పట్టుకోమంది. పొద్దు గుంకేలోపు నాలుగుసార్లు జరిపాం.